ఐర్లండ్ ఎక్కడ గెలుస్తోంది, ఎక్కడ ఎందుకు ఓడుతోంది

జూలైలో ఒక ఆదివారం డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ నిండిపోతుంది. 82,300 మంది పడతారు. మైదానంలో జట్టుకు 15 మంది చొప్పున 30 మంది ఉంటారు. వాళ్లలో ఆడినందుకు జీతం తీసుకునేవాడు ఒక్కడూ ఉండడు. బడి పంతుళ్లు, రైతులు, ఎలక్ట్రీషియన్లు, కాలేజీ కుర్రాళ్లు. వారం తిరక్కుండానే ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోతారు. ఆ రోజు అక్కడ జరిగేది కర్రతో బంతిని కొట్టి ఆడే హర్లింగ్ అనే ఆట ఫైనల్. ఆ ఆటకు ప్రపంచకప్ లేదు, ఒలింపిక్స్‌లో చోటు లేదు, ఎదురు నిలిచి ఆడగల మరో దేశం కూడా లేదు. స్కాట్లండ్ వాళ్ల షింటీ దీనికి చుట్టం కాబట్టి, నిబంధనలు కొంత అటూ ఇటూ సర్దుకుని వాళ్లతో అప్పుడప్పుడూ ఒక మ్యాచ్ ఆడతారు. అంతే.

ఐర్లండ్ క్రీడల అంతర్జాతీయ స్థాయి ఎంత అని కొలవబోతే మొదటి చిక్కు ఇదే. ఆ దేశానికి ప్రాణమైన ఆట ఏ పతకాల పట్టికలోనూ కనిపించదు. కనిపించే ఆటల గురించి బయటివాళ్లు రాసేటప్పుడేమో, చిన్న దేశం, పట్టుదల గల జనం అని రెండు ముక్కలు మెచ్చుకుని వదిలేస్తారు. పట్టుదల అన్ని దేశాల్లోనూ ఉంటుంది. ఒకే దేశం రగ్బీలో ప్రపంచ నంబర్ వన్ అయి, ఫుట్‌బాల్‌లో ప్రపంచకప్‌కు అర్హత కోసం ఇరవై ఏళ్లకు పైగా తంటాలు పడటానికి కారణం పట్టుదల కాదు కదా.

నా వాదన ఇది. పన్నెండేళ్ల నుంచి ఇరవై ఏళ్ల దాకా ఆటగాణ్ణి తయారుచేసే పని ఏ ఆటలో ఐర్లండ్ తన చేతిలో ఉంచుకుందో, ఆ ఆటలో ప్రపంచ స్థాయికి ఎదిగింది. ఏ ఆటలో ఆ పనిని ఇంగ్లండ్‌కు వదిలేసిందో, ఆ ఆటలో ఇంగ్లండ్ అవసరాలు మారిన రోజునే చతికిలపడింది. జనాభా, వాతావరణం, డబ్బు తర్వాతి సంగతులు.

ముందుగా ఏ ఐర్లండ్ అన్నది తేల్చుకోవాలి. 1921లో దీవి రెండు ముక్కలైంది. దక్షిణాన ఇవాళ్టి రిపబ్లిక్‌లో 50 లక్షల పైచిలుకు జనం. ఉత్తరాన బ్రిటన్‌లో భాగంగా మిగిలిన ఆరు కౌంటీల్లో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) సుమారు 19 లక్షలు. రెండూ కలిపినా హైదరాబాద్ మహానగరమంత జనం లేరు. పాలన విడిపోయినా క్రీడా సంఘాలు చాలావరకు విడిపోలేదు. రగ్బీ సంఘం 1879 నుంచి, బాక్సింగ్ సంఘం 1911 నుంచి దీవి మొత్తానికీ ఒక్కటే. క్రికెట్, హాకీ, రోయింగ్, ఈత, గోల్ఫ్ కూడా అంతే. పెద్ద ఆటల్లో ఫుట్‌బాల్ మాత్రం నిలువునా చీలింది. బెల్‌ఫాస్ట్‌లో 1880 నాటి సంఘం ఒకటి, డబ్లిన్‌లో 1921లో పుట్టిన సంఘం మరొకటి, రెండు జట్లు.

ఒలింపిక్స్‌లో ఉత్తరాది క్రీడాకారులు ఐర్లండ్ తరఫునో బ్రిటన్ తరఫునో ఎంచుకుని దిగొచ్చు. 2024 పారిస్‌లో ఐర్లండ్ 4 స్వర్ణాలు, 3 కాంస్యాలు గెలిచింది. ఆ దేశ చరిత్రలో అదే అత్యుత్తమం. ఆ నాలుగు స్వర్ణాల్లో రెండు ఉత్తరాన డౌన్ కౌంటీలో పెరిగిన కుర్రాళ్లవి: ఈతలో 800 మీటర్ల ఫ్రీస్టైల్‌లో డేనియల్ విఫెన్, జిమ్నాస్టిక్స్‌లో పామెల్ హార్స్ మీద రీస్ మెక్‌క్లెనఘన్. అదే పారిస్‌లో అదే ఉత్తర ఐర్లండ్ నుంచి వెళ్లిన రోయర్ హన్నా స్కాట్ బ్రిటన్ జట్టులో స్వర్ణం గెలిచింది. అంటే ఒక్క పట్టిక చూసి ఐర్లండ్‌కు ఎన్ని పతకాలని చెప్పడం కూడా సులువు కాదు. ఈ ఏర్పాటు ఒక్కోసారి బెడిసికొడుతుంది. 2022లో మెక్‌క్లెనఘన్‌తో పాటు మరో ఇద్దరు జిమ్నాస్టులు కామన్వెల్త్ క్రీడల్లో ఉత్తర ఐర్లండ్ తరఫున ఆడటానికి వీల్లేదని అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య మొదట అడ్డుపడింది. వాళ్లు తన దగ్గర ఐర్లండ్ పేరు మీద నమోదయ్యారన్నది దాని అభ్యంతరం. గొడవ పెద్దదయ్యాక దిగివచ్చింది. మెక్‌క్లెనఘన్ బర్మింగ్‌హామ్‌లో రజతం గెలిచాడు.

ఇక హర్లింగ్ దగ్గరికి వద్దాం. ఐర్లండ్ క్రీడల గురించి నలుగురు చేరితే ఒక మాట తప్పక వినిపిస్తుంది: మంచి కుర్రాళ్లందరినీ హర్లింగ్, బంతిని చేత్తోనూ కాలితోనూ ఆడే గేలిక్ ఫుట్‌బాల్ లాగేసుకుంటున్నాయి, అందుకే మిగతా ఆటలు ఎదగడం లేదు అని. నేను దీన్ని ఒప్పుకోను. ఎందుకో తెలియాలంటే ఆ ఆట ఎలా తయారవుతుందో చూడాలి.

మైదానం పొడవు 130 నుంచి 145 మీటర్లు, వెడల్పు 80 నుంచి 90 మీటర్లు. ఫుట్‌బాల్ మైదానం కంటే బాగా పెద్దది. బంతిని స్లిటర్ అంటారు. బరువు 110 నుంచి 120 గ్రాములు, వ్యాసం 69 నుంచి 72 మిల్లీమీటర్లు. లోపల కార్క్, పైన తోలు, కుట్టు దగ్గర ఉబ్బెత్తుగా అంచు. కర్ర పేరు హర్లీ. దాన్ని యాష్ చెట్టుతో చేస్తారు, అదీ చెట్టు మొదలు దగ్గర, నేలకు ఆనుకుని ఉండే సుమారు 1.3 మీటర్ల దుంగతో మాత్రమే. కాండం వేరుగా మారే చోట చెక్క నార సహజంగా వంపు తిరుగుతుంది. కర్ర కింది పలక ఆ వంపులోనే రావాలి. పైభాగంలోని తిన్నని చెక్కతో చేస్తే నార వంపు దగ్గర తెగిపోతుంది. రెండు కర్రలు గట్టిగా తాకిన మొదటిసారే పలక చీలుతుంది. 2012లో ఐర్లండ్‌లో యాష్ చెట్లకు శిలీంధ్రపు తెగులు సోకినట్టు బయటపడ్డాక కర్ర దొరకడమే కష్టమైంది. చెక్కను యూరప్ నుంచి తెప్పించుకుంటున్నారు, వెదురు కర్రలూ సింథటిక్ కర్రలూ వచ్చాయి.

బంతిని చేత్తో పట్టుకుని నాలుగు అడుగుల కంటే ఎక్కువ వేయకూడదు. ఆపైన పరుగెత్తాలంటే కర్ర పలక మీద బంతిని నిలబెట్టుకుని పరుగెత్తాలి, పక్కవాడు భుజంతో గుద్దుతుండగానే. బార్ కిందుగా వలలోకి కొడితే 3 పాయింట్లు, బార్ పైనుంచి పోస్టుల మధ్యగా పంపితే 1. ఈ ఒడుపు ఐదారేళ్ల వయసులో చేతికి అబ్బాలి. పదిహేనేళ్లకు మొదలుపెట్టినవాడికి ఎంత బలమున్నా, ఎంత వేగమున్నా రాదు. హర్లింగ్ సముద్రం దాటకపోవడానికి అసలు కారణం ఇదే. అంతెందుకు, ఐర్లండ్ లోపలే అది అంతటా పాకలేదు. కిల్కెన్నీ, కార్క్, టిప్పరరీ అనే మూడు కౌంటీలు కలిసి 2025 నాటికి 95 జాతీయ టైటిళ్లు గెలిచాయి. ఒక్కసారీ గెలవని కౌంటీలు సగానికి పైగా ఉన్నాయి. 2018లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మంచిదే, కానీ ఆట బతుకుతున్నది ఊరి క్లబ్బులో సాయంత్రం పిల్లలకు కర్ర పట్టుకోవడం నేర్పే పెద్దవాళ్ల వల్ల.

ఈ ఆటలను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్, అందరూ పిలిచే జీఏఏ, 1884 నవంబర్ 1న థర్లెస్ పట్టణంలో ఒక హోటల్లో పుట్టింది. అది ఆటల సంఘం ఎంతో, ఇంగ్లిష్ ఆటల మీద తిరుగుబాటు కూడా అంతే. అప్పటిదాకా కిల్కెన్నీ, టిప్పరరీ లాంటి ఇవాళ్టి హర్లింగ్ కంచుకోటల్లోనూ ఊరూరా క్రికెట్ జట్లుండేవి. జీఏఏ సభ్యుడెవరైనా క్రికెట్, రగ్బీ, హాకీ, ఫుట్‌బాల్ ఆడినా, చివరికి చూసినా బహిష్కరించే నిబంధన 1971 దాకా నడిచింది. 1938లో సాక్షాత్తూ ఐర్లండ్ అధ్యక్షుడు డగ్లస్ హైడ్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూడటానికి వెళ్లాడని గౌరవ పోషకుడి హోదా నుంచి తొలగించారు. ఆ తీవ్రత ఎక్కడిదో అర్థం కావాలంటే 1920 నవంబర్ 21 తెలియాలి. క్రోక్ పార్క్‌లో మ్యాచ్ నడుస్తుండగా బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపాయి. 14 మంది చనిపోయారు, వాళ్లలో ఒకడు మైదానంలో ఉన్న ఆటగాడు. మన వి.వి. గిరి న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లి 1916లో వెనక్కి రావాల్సి వచ్చింది ఈ నగరం నుంచే, ఈ కాలంలోనే. అక్కడ ఆటనూ రాజకీయాన్నీ విడదీసి చూసినవాళ్లు అప్పట్లో తక్కువ.

ఆ నిషేధం క్రికెట్‌ను, హాకీని పల్లెల నుంచి తుడిచిపెట్టిన మాట నిజం. అది జీఏఏ చేసిన నష్టం, కప్పిపుచ్చాల్సిన పని లేదు. కానీ నిషేధం పోయి యాభై ఏళ్లు దాటింది. 2005లో క్రోక్ పార్క్ తలుపులను రగ్బీకి, ఫుట్‌బాల్‌కు తెరవడానికి కూడా జీఏఏ ఒప్పుకుంది. 2007 ఫిబ్రవరి 24న అదే మైదానంలో ఇంగ్లండ్ జాతీయగీతాన్ని నిశ్శబ్దంగా గౌరవించి, ఆ తర్వాత రగ్బీలో ఆ జట్టును 43–13తో ఓడించారు. ఇవాళ జీఏఏ మిగతా ఆటల నుంచి తీసుకునేదానికన్నా ఇచ్చేదే ఎక్కువ. రగ్బీలో గాల్లోకి లేచిన బంతిని పట్టడంలో పేరుమోసిన రాబ్ కార్నీ, లౌత్ కౌంటీ మైనర్ (పద్దెనిమిదేళ్ల లోపు) జట్టులో గేలిక్ ఫుట్‌బాల్ ఆడినవాడు. ఆ ఆటలో పట్టు అంటేనే తలకంటే ఎత్తున పట్టడం. కెవిన్ మోరన్ డబ్లిన్ తరఫున 1976, 1977 గేలిక్ టైటిళ్లు గెలిచాకే మాంచెస్టర్ యునైటెడ్‌లో స్థిరపడ్డాడు. స్ట్రైకర్ నియల్ క్విన్ డబ్లిన్ మైనర్ జట్టుకు హర్లింగ్ ఆడాడు. ఆస్ట్రేలియా వాళ్లు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టారు. జిమ్ స్టైన్స్ డబ్లిన్ గేలిక్ ఫుట్‌బాల్ నుంచి వెళ్లి 1991లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన బ్రౌన్‌లో పతకం అందుకున్నాడు. పదిహేనేళ్ల దాకా పిల్లవాడు నాలుగు ఆటలు ఆడి, ఆ తర్వాత ఒకటి ఎంచుకుంటే ఆ ఎంచుకున్న ఆటకే లాభం. జీఏఏ క్లబ్బు చేస్తున్న పని అదే. పైగా అది ఊళ్లో మైదానం, గోడ, లైట్లు, డ్రెస్సింగ్ రూమ్ సిద్ధంగా ఉంచుతుంది.

అసలు ప్రశ్న ఆ పదిహేనేళ్ల తర్వాత ఏం జరుగుతుందన్నది. అక్కడే ఆటలు వేరు వేరు దారులు పట్టాయి.

రగ్బీ 1995లో వృత్తి క్రీడ అయింది. మొదటి ఒకట్రెండేళ్లు ఐర్లండ్ ఆటగాళ్లు ఇంగ్లండ్ క్లబ్బులకు వరుస కట్టారు. అదే కొనసాగి ఉంటే రగ్బీ కథ కూడా ఫుట్‌బాల్ కథే అయ్యేది. జాతీయ సంఘం ఒక తెలివైన పని చేసింది. అప్పటిదాకా ఏడాదికి నాలుగైదు మ్యాచ్‌ల కోసం మాత్రమే కూడే లెన్‌స్టర్, మన్‌స్టర్, అల్‌స్టర్, కొనాక్ట్ అనే నాలుగు ప్రాంతీయ జట్లను పూర్తికాలపు వృత్తి జట్లుగా మార్చింది. అగ్రశ్రేణి ఆటగాళ్ల కాంట్రాక్టు నేరుగా సంఘంతోనే; మిగతావాళ్లది ప్రాంతంతో, ఆ ప్రాంతం కూడా సంఘం గొడుగు కిందిదే. జాతీయ జట్టులోకి రావాలంటే ఇంట్లో ఆడాలన్నది రాయని నిబంధన. జానీ సెక్స్‌టన్ ఫ్రాన్స్‌లో ఆడిన రెండేళ్ల లాంటి మినహాయింపులు అరుదు.

ఇది రోజువారీగా ఎలా పనిచేస్తుందో చూడండి. ఫ్రాన్స్‌లో, ఇంగ్లండ్‌లో ఆటగాడి జీతం ఇచ్చేది ప్రైవేటు యజమాని. ఆదివారం లీగ్ మ్యాచ్ గెలవాలి కాబట్టి మోకాలు నొప్పి ఉన్నా దింపుతాడు. ఐర్లండ్‌లో జీతం ఇచ్చేవాడూ జాతీయ కోచ్‌ను పెట్టుకున్నవాడూ ఒక్కరే. కాబట్టి ఎవరు ఎన్ని మ్యాచ్‌లు ఆడాలి, ఎప్పుడు విశ్రాంతి తీసుకోవాలి, ఏ పొజిషన్‌లో ఏ ప్రాంతానికి కొరత ఉంది, విదేశీ ఆటగాణ్ణి ఏ చోట తీసుకోవచ్చు అన్నవన్నీ ఒకే బల్ల దగ్గర తేలుతాయి. ఫలితం తెలిసిందే. ఏటా జరిగే యూరప్ దేశాల టోర్నీలో అన్ని మ్యాచ్‌లూ నెగ్గితే దక్కే గ్రాండ్ స్లామ్‌ను 1948లో ఒకసారి గెలిచి, రెండోదాని కోసం 61 ఏళ్లు ఎదురుచూసిన జట్టు 2009, 2018, 2023లో మూడు గెలిచింది. 111 ఏళ్లపాటు న్యూజిలండ్‌ను ఒక్కసారీ ఓడించలేని జట్టు 2016లో చికాగోలో 40–29తో ఓడించి, 2022లో ఆ దేశానికే వెళ్లి సిరీస్‌ను 2–1తో పట్టుకొచ్చింది.

మరి ప్రపంచకప్‌లో? క్వార్టర్‌ఫైనల్ దాటిందే లేదు. 2023లో 17 వరుస విజయాలతో వచ్చి, చివర్లో 37 ఫేజ్‌ల పాటు (ఒక ట్యాకిల్‌కూ మరో ట్యాకిల్‌కూ మధ్య సాగే ఆట ఒక ఫేజ్) బంతిని అట్టిపెట్టుకుని కూడా న్యూజిలండ్ చేతిలో 24–28తో ఓడిపోయింది. దీన్ని మానసిక బలహీనత అనేవాళ్లున్నారు. నేను చూసేది వ్యవస్థలోని లోపం. ఇన్నేళ్లుగా ఆటగాళ్లలో ఎక్కువమంది ఒక్క లెన్‌స్టర్ నుంచి వస్తున్నారు. లెన్‌స్టర్‌కు వాళ్లు డబ్లిన్ చుట్టుపక్కల ఫీజులు కట్టి చదివే కొద్ది పాఠశాలల నుంచి వస్తున్నారు. ఒకే బడి, ఒకే ప్రాంతం, ఒకే పద్ధతి కాబట్టి కలిసికట్టుగా ఆడతారు. మొదటి పదిహేను మంది అద్భుతం. కానీ ప్రపంచకప్‌లో వరుస వారాల్లో పెద్ద జట్లతో తలపడేటప్పుడు కావాల్సింది రెండో పదిహేను మంది. మన్‌స్టర్, కొనాక్ట్ పల్లెల నుంచి వాళ్లు రావాలి. ఆ పల్లెల్లో మైదానాలు జీఏఏవి. ఈ రెండు సంఘాలూ ఇంకా దగ్గర కావాలని నేను గట్టిగా కోరుకునేది అందుకే.

బాక్సింగ్ ఉదాహరణ చిన్నదే గానీ ఇంకా స్పష్టమైనది. 2003కు ముందు డబ్లిన్‌లోని నేషనల్ స్టేడియంలో (1939లో బాక్సింగ్ కోసమే కట్టినది) పోటీలకు కొద్ది రోజుల ముందు శిబిరం పెట్టి, కుర్రాళ్లను విమానం ఎక్కించేవారు. 2004 ఏథెన్స్‌కు అర్హత సాధించిన ఐరిష్ బాక్సర్ ఒక్కడే, ఆండీ లీ. 2003లో మొదలైన హై పెర్ఫార్మెన్స్ విభాగం పద్ధతి మార్చింది. బిల్లీ వాల్ష్, జార్జియా నుంచి వచ్చిన జావుర్ ఆంటియా శిక్షణ. ఏడాది పొడవునా కలిసి సాధన. బయటి దేశాల మంచి బాక్సర్లతో తరచూ స్పారింగ్. 2008 బీజింగ్‌లో మూడు పతకాలు, 2012 లండన్‌లో కేటీ టేలర్ స్వర్ణంతో కలిపి నాలుగు. ఒక నగరంలో ఒక గది, అందులో ఒక కోచ్ బృందం ఒక దేశపు ఆటను ఎలా మార్చగలదో గోపీచంద్ అకాడమీని చూసిన తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అలాంటి గది ఎంత సున్నితమైనదో కూడా ఇదే బాక్సింగ్ చూపింది. సంఘంతో కాంట్రాక్టు చర్చలు చెడి 2015లో వాల్ష్ అమెరికా వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది రియోలో ఒక్క పతకమూ రాలేదు. కెల్లీ హారింగ్టన్ టోక్యోలో, పారిస్‌లో రెండు స్వర్ణాలు గెలిచి పరువు నిలిపింది గానీ, ఒక్క మనిషి మీద ఆధారపడటం వ్యవస్థ అనిపించుకోదు.

రోయింగ్‌లో తెలివి ఇంకో రకం. ఎనిమిది మంది బోటు కట్టాలంటే తొంభై, వంద కిలోల ఆజానుబాహులు ఎనిమిది మంది ఒకే వయసులో దొరకాలి. బ్రిటన్, జర్మనీలకు దొరుకుతారు. ఐర్లండ్ చిన్న బోట్ల మీద దృష్టి పెట్టింది. ఇద్దరు కూర్చుని చేతికొక తెడ్డు చొప్పున వేసే లైట్‌వెయిట్ డబుల్ స్కల్స్‌లో ఇద్దరి సగటు బరువు 70 కిలోలు, ఏ ఒక్కరూ 72.5 దాటకూడదు, రేసుకు గంట, రెండు గంటల ముందు తూకం. అక్కడ పొడవుకన్నా టెక్నిక్, బరువును అదుపులో పెట్టుకునే క్రమశిక్షణ ఎక్కువ పనిచేస్తాయి. కార్క్ కౌంటీలో స్కిబరీన్ అనే చిన్న పట్టణపు క్లబ్బు, ఐలెన్ నది మీద సాధన చేసే క్లబ్బు, 2016లో రజతం, 2021లో, 2024లో స్వర్ణాలు తెచ్చింది. మూడింటిలోనూ పాల్ ఓడొనవన్ ఉన్నాడు. ఇప్పుడు ఆ విభాగాన్నే ఒలింపిక్స్ నుంచి తీసేశారు. 2028 లాస్ ఏంజెలిస్‌లో ఉండదు. చిన్న దేశపు అంతర్జాతీయ స్థాయి ఎంత వేరేవాళ్ల చేతిలో ఉంటుందో దీన్ని బట్టి తెలుస్తుంది. పారిస్‌లో ఫిలిప్ డోయల్, డైర్ లించ్ బరువు పరిమితి లేని డబుల్ స్కల్స్‌లో తెచ్చిన కాంస్యమే ఇక ముందు దారి.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. విఫెన్ ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో సాధన చేశాడు, కాంస్యం గెలిచిన స్విమ్మర్ మోనా మెక్‌షారీ అమెరికాలో టెనెసీ విశ్వవిద్యాలయంలో. మరి ఇంట్లో తయారీ ఎక్కడ? ఈ దారి పాతదే. 1956లో మెల్‌బోర్న్‌లో 1500 మీటర్ల స్వర్ణం గెలిచిన రాన్ డెలానీ అమెరికాలోని విలనోవా విద్యార్థి. కానీ వీళ్లు ఐర్లండ్‌లో ఇంటర్ స్థాయి చదువు పూర్తిచేసి, అక్కడి క్లబ్బులో, అక్కడి కోచ్ దగ్గర ఒక స్థాయికి వచ్చాక, పద్దెనిమిది దాటి, డిగ్రీ చదవడానికి వెళ్లారు. ఆటలో నెగ్గకపోయినా చేతిలో చదువుంటుంది. పదహారేళ్ల పిల్లవాణ్ణి క్లబ్బుకు అప్పగించడానికీ దీనికీ పోలికే లేదు.

హాకీ గురించి ఒక్క మాట. 2018 లండన్ మహిళల ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్లో మన జట్టును షూటౌట్‌లో ఓడించింది ఐర్లండే. అప్పుడు వాళ్ల ర్యాంకు 16. ఉద్యోగాలూ చదువులూ చేసుకుంటూ ఆడిన ఆ అమ్మాయిలు ఫైనల్ దాకా వెళ్లి రజతం గెలిచారు. ఆ ఊపును నిలబెట్టే పూర్తికాలపు శిక్షణ వెనకాల సరిపడా లేకపోయింది. 2024 పారిస్‌కు ఆ జట్టు అర్హత సాధించలేదు.

క్రికెట్ మనకు బాగా తెలిసిన అధ్యాయం. 2007 మార్చి 17న జమైకాలో పాకిస్తాన్‌ను ఇంటికి పంపారు. 2011 మార్చి 2న బెంగళూరులో ఇంగ్లండ్ 327 కొడితే, 111కు 5 వికెట్లు పడిన చోటు నుంచి కెవిన్ ఓబ్రయన్ 50 బంతుల్లో వంద కొట్టి గెలిపించాడు. ఆ రాత్రి మ్యాచ్ చూసినవాళ్లెవరూ మర్చిపోయి ఉండరు. కానీ అదే ఏళ్లలో ఏం జరిగిందో కూడా గుర్తుండాలి. టెస్టులు ఆడాలంటే ఇంగ్లండ్‌కు మారడమే దారి కాబట్టి ఎడ్ జాయిస్, ఓయిన్ మోర్గన్, బాయిడ్ రాంకిన్ మారారు. డబ్లిన్‌లో క్రికెట్ నేర్చిన మోర్గన్ 2019లో ప్రపంచకప్ అందుకున్నది ఇంగ్లండ్ కెప్టెన్‌గా. పది జట్లకు కుదించిన ఆ టోర్నీలో ఐర్లండ్‌కు చోటే లేదు.

2017 జూన్ 22న అంతర్జాతీయ క్రికెట్ మండలిలో పూర్తి సభ్యత్వం వచ్చింది. సంబరం న్యాయమే, కానీ దానితోపాటు వచ్చిన చిక్కును చాలామంది గమనించలేదు. అప్పటిదాకా ఐరిష్ ఆటగాళ్లు ఇంగ్లిష్ కౌంటీల్లో స్థానికులుగా ఆడేవారు. ఐర్లండ్ టెస్టు దేశం అయ్యాక వాళ్లు విదేశీయుల కోటాలోకి వెళ్లారు. కౌంటీ కాంట్రాక్టా, ఐర్లండ్ టోపీనా అని తేల్చుకోవాల్సి వచ్చింది. 2019 జూలైలో లార్డ్స్‌లో 13 పరుగులిచ్చి 5 వికెట్లు తీసి, ఇంగ్లండ్‌ను 85కే కూల్చిన టిమ్ ముర్తా కొద్ది నెలలకే అంతర్జాతీయ క్రికెట్ వదిలి కౌంటీనే ఎంచుకున్నాడు. అదే టెస్టులో ఐర్లండ్ రెండో ఇన్నింగ్స్‌లో 38కి ఆలౌటైంది. అద్దెకు తెచ్చుకున్న తయారీ ఒక్కరోజులో మాయమైతే ఇంట్లో ఏం మిగులుతుందో ఆ తర్వాతి ఏళ్లు చూపించాయి.

మిగిలింది చాలా తక్కువ. శాశ్వతమైన అంతర్జాతీయ స్టేడియం ఒక్కటీ లేదు. మలహైడ్ లాంటి క్లబ్బు మైదానంలో మ్యాచ్ పెట్టాలంటే స్టాండ్లు, సైట్‌స్క్రీన్లు, కామెంటరీ గదులు, మరుగుదొడ్లు, జనరేటర్లు అన్నీ కొద్ది రోజులకు అద్దెకు తెచ్చి, మ్యాచ్ అయ్యాక విప్పేయాలి. టికెట్ డబ్బు దానికే చాలదు. అందుకే 2025లో అఫ్గానిస్తాన్‌తో జరగాల్సిన సిరీస్‌ను ఖర్చు భరించలేక రద్దు చేసుకున్నారు. క్లబ్బు మైదానంలో పిచ్‌లు వారాంతపు క్లబ్బు మ్యాచ్‌లకు కూడా కావాలి. ఏప్రిల్, మే వానల్లో తడి ఆరదు. నెమ్మదిగా, తక్కువ ఎత్తులో వచ్చే బంతిని ఆడటం అలవాటైన బ్యాటర్ పెర్త్‌లోనో జొహానెస్‌బర్గ్‌లోనో ఛాతీ ఎత్తు బంతికి దొరికిపోతాడు. ఇంత ఉన్నా 2024 మార్చిలో అబుదాబిలో అఫ్గానిస్తాన్‌పై తొలి టెస్టు గెలుపు, అదే ఏడాది బెల్‌ఫాస్ట్‌లో జింబాబ్వేపై రెండోది, 2025లో బులవాయోలో మూడోది వచ్చాయి. డబ్లిన్ శివారు అబోట్స్‌టౌన్‌లోని జాతీయ క్రీడా ప్రాంగణంలో క్రికెట్ స్టేడియానికి 2024లో ప్రభుత్వం ఒప్పుకుంది. 2030 టీ20 ప్రపంచకప్‌కు ఇంగ్లండ్, స్కాట్లండ్‌లతో కలిసి ఆతిథ్యం ఇవ్వాలి కాబట్టి ఇక ఆలస్యం కుదరదు. నా దృష్టిలో ఆ స్టేడియంలో సీట్లకన్నా ముఖ్యం పక్కనే కట్టే ఇండోర్ నెట్స్, ప్రాక్టీస్ పిచ్‌లు. ఏడాదిలో సగం నెలలు ఆరుబయట ఆడలేని దేశం అది.

ఫుట్‌బాల్‌లో పరాయి తయారీ వందేళ్ల అలవాటు. డబ్లిన్‌లో, డెరీలో, కార్క్‌లో బాగా ఆడే కుర్రాణ్ణి ఇంగ్లిష్ క్లబ్బు మనిషి చూస్తాడు. పదహారు నిండగానే పడవో విమానమో ఎక్కిస్తారు. చాలామంది రెండు మూడేళ్లకు చదువూ కాంట్రాక్టూ లేకుండా తిరిగొస్తారు. తిరిగి రాని కొద్దిమందితో జాతీయ జట్టు. ఇంగ్లిష్ లీగ్‌లో ఆటగాళ్లంతా బ్రిటిష్ దీవుల వాళ్లే అయినన్నాళ్లు ఇది నడిచింది. ఉత్తర ఐర్లండ్ 1958 ప్రపంచకప్‌లో క్వార్టర్‌ఫైనల్ చేరింది, 1982లో వలెన్సియాలో ఆతిథ్య స్పెయిన్‌నే ఓడించింది. రిపబ్లిక్ 1988 యూరో కప్‌లో ఇంగ్లండ్‌ను 1–0తో ఓడించి, 1990లో ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్ ఆడింది. జాక్ చార్ల్‌టన్ ఆ జట్టును కట్టింది చాలావరకు ఇంగ్లండ్‌లో పుట్టి, అమ్మమ్మో తాతయ్యో ఐరిష్ అయిన ఆటగాళ్లతో. వాళ్లు మనస్ఫూర్తిగా ఆడారు, దాన్ని తక్కువ చేయను. కానీ ఆ గెలుపుల మత్తులో ఇంట్లో ఏమీ కట్టలేదు. 1992లో ప్రీమియర్ లీగ్ వచ్చి, డబ్బు పెరిగి, క్లబ్బులు ఆటగాళ్ల కోసం ప్రపంచమంతా వెతకడం మొదలుపెట్టాక డబ్లిన్ కుర్రాడికి బెంచీ మీద కూడా చోటు తగ్గింది. 2002 తర్వాత రిపబ్లిక్ పురుషుల జట్టు ప్రపంచకప్ ప్రధాన టోర్నీకి చేరలేదు. ఉత్తర ఐర్లండ్ అయితే 1986 తర్వాత చేరలేదు.

రెండు జట్లనూ కలిపేస్తే బాగుపడుతుందనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, రగ్బీని చూపిస్తారు. నాకు నమ్మకం లేదు. రగ్బీని నిలబెట్టింది కలిసి ఉండటం ఒక్కటే కాదు, ఆటగాళ్లకు ఇంట్లో జీతమివ్వడం. ఇద్దరూ పిల్లల్ని ఎగుమతే చేస్తుంటే కలిపినా అదే పని ఇంకాస్త పెద్దగా జరుగుతుంది.

విచిత్రం ఏమంటే, ఆ ఎగుమతిని ఆపింది డబ్లిన్ సంఘం కాదు, బ్రెగ్జిట్. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం పద్దెనిమిది నిండని ఆటగాణ్ణి దేశం దాటించకూడదు. పదహారు నిండినవాళ్లకు ఐరోపా సమాఖ్య లోపల మినహాయింపు ఉంది. 2021 జనవరి 1 నుంచి బ్రిటన్ ఆ పరిధిలో లేదు. కాబట్టి రిపబ్లిక్ కుర్రాడు పదహారేళ్లకు ఇటలీకో బెల్జియానికో వెళ్లగలడు గానీ, లివర్‌పూల్ వెళ్లాలంటే పద్దెనిమిది దాకా ఆగాలి. ఆ రెండేళ్లు అతను ఎక్కడుండాలి? ఐరిష్ లీగ్ క్లబ్బు అకాడమీలో. అక్కడ చాలాచోట్ల పిల్లల కోచ్ పగలు ఇంకో ఉద్యోగం చేసి సాయంత్రం వస్తాడు. మైదానం గంటల లెక్కన అద్దెకు తీసుకున్నది. గాయమైతే చూసే ఫిజియో సీనియర్ జట్టు పని అయ్యాక దొరుకుతాడు. యూరప్‌లో ఇదే వయసు పిల్లలు బడినీ సాధననూ ఒకే టైమ్‌టేబుల్‌లో చేస్తుంటారు. ఇక సంఘం సంగతి: 2019 చివరికి 5 కోట్ల యూరోలకు పైగా అప్పుల్లో మునిగి, 2020 మొదట్లో ప్రభుత్వం చేయందిస్తే గట్టెక్కింది.

2028 యూరో కప్‌కు బ్రిటన్‌తో కలిసి ఐర్లండ్ ఆతిథ్యమిస్తోంది. డబ్లిన్‌లో మ్యాచ్‌లున్నాయి. బెల్‌ఫాస్ట్‌లో జీఏఏ మైదానమైన కేస్‌మెంట్ పార్క్‌ను తిరిగి కట్టి అందులో ఆడించాలనుకున్నది, బ్రిటిష్ ప్రభుత్వం ఆ గడువులోపు డబ్బు ఇవ్వలేమని 2024 సెప్టెంబర్‌లో చెప్పడంతో ఆగిపోయింది. టోర్నీ నెల రోజుల్లో అయిపోతుంది. దాని పేరు మీద ఖర్చయ్యే డబ్బులో ఒక్క వాటా ఇటు తిప్పాలి: ప్రతి లీగ్ క్లబ్బుకు పూర్తికాలం జీతం మీద ఒక అకాడమీ అధిపతి, ఇద్దరు కోచ్‌లు, పిల్లలకే కేటాయించిన ఒక ఫిజియో, దగ్గరలోని ఒక హైస్కూలుతో మధ్యాహ్నం సాధనకు వీలిచ్చే ఒప్పందం. రగ్బీ సంఘం 1990ల చివర్లో, బాక్సింగ్ సంఘం 2003లో ఇలాంటి లెక్కతోనే మొదలుపెట్టాయి. ఇవాళ పదిహేనేళ్లున్న కుర్రాడు ఇంగ్లండ్ వెళ్లాలంటే ఇంకో మూడేళ్లు ఆగక తప్పదు. ఆ మూడేళ్లకు జీతాల పద్దు ఎవరు రాస్తారన్నదే ఇప్పుడు తేలాలి.